గురిలో మనిషి

మా ఆయన్ని లాక్కుపోవడానికి మెట్లెక్కి వచ్చినవాళ్ళలో సగం మంది ఒంటి మీద నేను కుట్టిన బట్టలే ఉన్నాయి. ఎవరి నడుం ఎంతో, ఎవరి భుజం ఎటు వంగి ఉంటుందో నాకు కంఠతా వచ్చు. మొహాలకి రుమాళ్ళు కట్టుకుంటే గుర్తుపట్టననుకున్నారు పిచ్చిమొహాలు. మొహమైతే దాచుకున్నారు గాని, నేను బిగించి కుట్టిన కాలరు ఎక్కడ దాచుకుంటారు?

సరే, మొదట్నించీ చెప్తాను.

మా ఆయన ఫిరంగి దళంలో చేశారు. ఫిరంగి పేల్చేవాళ్ళు వేరు, ఈయన వేరు. గుండు ఎక్కడ పడిందో చూసి చెప్పడం ఈయన పని. బాగా ముందుకి వెళ్ళి, ఏ గుట్ట మీదో బోర్లా పడుకుని, దుర్భిణీలోంచి చూస్తూ, వెనకెక్కడో ఉన్న ఫిరంగి వాళ్ళకి వైర్‌లెస్‌లో చెప్పాలి. కుడికి యాభై. వంద తగ్గించు. ఇంకో యాభై పెంచు. అన్నీ మీటర్లే, తగ్గించమంటే గుండు ఇవతలికి, పెంచమంటే అవతలికి అన్నమాట. ఫిరంగి దగ్గరున్నవాళ్ళకి గురి కనపడదట. వాళ్ళకి కళ్ళు ఈయనే. ఉద్యోగం అయిపోయి ఇంటికొచ్చినా ఆ భాష మాత్రం వదల్లేదు మహానుభావుడు. కూర నోట్లో పెట్టుకుని, "ఉప్పు వంద అవతల పడింది, యాభై తగ్గించు" అనేవారు. "తగ్గించడానికి అదేమన్నా మీ ఫిరంగా, ఉడికిపోయిన కూర! నోరు మూసుకుని తినండి" అనేదాన్ని. మా వాడు చిన్నప్పుడు ఈ మాటలకి పగలబడి నవ్వేవాడు.

మా ఇంట్లో ఇంకో ఆట ఉండేది. అది కూడా ఫిరంగి దగ్గర్నించి వచ్చిందే. కాల్పులు జరుగుతున్నప్పుడు అక్కడున్న ఎవరైనా సరే, చివరికి వంటవాడైనా సరే, ఏదన్నా తేడా కనిపిస్తే "స్టాప్!" అని అరవొచ్చట. అరిచారంటే అంతే. పెద్ద ఆఫీసరైనా ఎక్కడివాడక్కడ ఆగిపోయి, రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి. నువ్వెవడివిరా ఆపడానికి అని అడగకూడదు. "ఏం చూశావు?" అని మాత్రం అడగాలి. ఆపినవాడు తను చూసింది చెప్పాలి. ఒకసారి ఈయన ఉన్న గుట్ట మీదికి టీ కెటిల్ పట్టుకొచ్చిన వంటవాడే అలా అరిచాడట. ఏం చూశావని అడిగితే, "గురిలో మనిషి" అన్నాడట. కట్టెలు ఏరుకునే ముసలాయన ఎలా వచ్చాడో ఏమో, నేరుగా గుండు పడే చోటికి వచ్చి కూర్చున్నాడు. ఈ కథ మా ఆయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ మాట రెండుసార్లు అనేవారు.

మా వాడు ఆ రూలుని తెగ వాడుకున్నాడు. చీపురు పట్టుకుని నేను వెంటపడితే మంచం కిందికి దూరి "స్టాప్!" అనేవాడు. నేను చీపురుతో సహా చేతులు పైకెత్తి నిలబడాలి. వాళ్ళ నాన్న కూడా పేపరు పడేసి చేతులెత్తేవారు. "ఏం చూశావురా?" అంటే, "గురిలో నేను" అనేవాడు వెధవ. ఇంక కొట్టేదేముంది, నవ్వొచ్చేసేది.

ఈమధ్య మా ఆయనకి మతిమరుపు వచ్చింది. మొదట తాళంచెవులు, తర్వాత మనుషుల పేర్లు, ఆ తర్వాత నేను. "ఆపరేటర్, లైన్ కలిసిందా?" అని నన్నే అడుగుతారు. ఇన్నేళ్ళు కాపురం చేసి చివరికి ఆయన వైర్‌లెస్ ఆపరేటర్నయ్యాను, నా ఖర్మ. "కలిసింది సార్, ముందు మందు వేసుకోండి" అంటే బుద్ధిగా వేసుకుంటారు. పొద్దస్తమానం బాల్కనీలో కుర్చీ వేసుకుని వాటర్ ట్యాంకు వైపు చూస్తూ కూర్చుంటారు. ఆ వీధిలో ఎత్తుగా కనిపించేది అదొక్కటే. కింద నా కుట్టుమిషన్ షాపు. పిల్లలు ఆయన్ని ఫిరంగి తాత అని పిలిచేవారు, ఆయన సెల్యూట్ కొట్టేవారు. అంతా బాగానే ఉండేది.

అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లు పేలాయి.

మొదటిది ట్యాంకుకి అవతల, రంగుల షాపు పక్కన. చెవులు దిమ్మెత్తే చప్పుడు, నల్లటి పొగ. దారిన పోతున్న ఒకతనికి చేతులు కాలాయి. ఎండలకి లోడు ఎక్కువైందని కరెంటాఫీసు వాళ్ళు అన్నారు. చప్పుడు వినగానే బాల్కనీలో మా ఆయన లేచి నిలబడి, చెయ్యి చాపి కొలిచి, "ట్యాంకుకి అవతల పడింది. వంద తగ్గించు" అని గట్టిగా అరిచారు. నేను మిషన్ ఆపి వింటూనే ఉన్నాను. ముందు పేలింది, తర్వాత అన్నారు. నా రెండు చెవులతో విన్నాను.

కొన్నాళ్ళకి రెండోది పేలింది. ఈసారి ట్యాంకుకి ఇవతల, బస్టాండు దగ్గర.

ఎదురింటి మేడ మీద ఫొటో స్టూడియో ఉంది. అది నడిపే అతను పెళ్ళి వీడియోలు కత్తిరించి అతికిస్తుంటాడు. మొదటి పేలుడప్పుడు ఎందుకో కెమెరా పరీక్షిస్తుంటే మా ఆయన అందులో పడ్డారట. రెండో పేలుడు తర్వాత ఆ వీడియో వీధి వీధంతా ఫోన్లలో తిరిగింది. అందులో ముందు మా ఆయన చెయ్యి చాపి "వంద తగ్గించు" అంటారు, ఆ తర్వాత ఢామ్మంటుంది. నవ్వు ముందూ ఏడుపు వెనకా అతికించే చెయ్యి అతనిది, ఇదెంత పని? కావాలని చేశాడో, చూసేవాళ్ళకి బాగుంటుందని చేశాడో, ఆ దేవుడికే తెలియాలి. దాని కింద రాసిన మాట మాత్రం నేను చదివాను. ఈ వీధులు ఖాళీ చేయించి స్థలాలు కొట్టెయ్యాలని ఎవరో పెద్దవాళ్ళు ఊరి బయట ఫిరంగి పెట్టారట. వాళ్ళకి గురి చెప్పే కన్ను ఒకటి మన మధ్యే కూర్చుందట. ఆ రోజు నించి ఫిరంగి తాత పోయి, కన్ను అయ్యారు.

నాకు ఒళ్ళు మండింది. మండితే ఊరుకోవాలి గదా. ఊరుకోలేదు.

మా వీధిలో బేకరీ నడిపే ఆవిడ కిటికీ కర్టెన్ల కోసం షాపుకి వచ్చింది. స్టూడియో అతను కూడా ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికని వచ్చి నిలబడ్డాడు.

"పిన్నీ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవు గదా" అంది బేకరీ ఆవిడ. "బాబాయిగారు ఆ అంకెలు ఎవరికి చెప్తుంటారు?"

"ఎవరికి చెప్తారే, గోడకి! ఎప్పటివో పాత మాటలు. మతి లేని మనిషి."

"మతి లేకపోతే అంత లెక్కగా ఎలా చెప్తారు పిన్నిగారూ?" అన్నాడు స్టూడియో అతను మర్యాదగానే. "తగ్గించమన్నారు, రెండోది దగ్గరగా పడింది. దానికేమంటారు?"

"ఏమంటానా? గుండు పడ్డాక గురికి ఎంత దూరంలో పడిందో చెప్తారు నాయనా, పడకముందు కాదు. ఒకటి గురికి అవతల పడిందనుకో, రెండోది ఇవతల పడిందనుకో, గురి ఆ రెంటి మధ్యా ఇరుక్కున్నట్టు. దాన్ని బ్రాకెట్ అంటారు. ఆ దూరాన్ని సగం చేసి మళ్ళీ కొడతారు. అలా సగం సగం నొక్కుకుంటూ వస్తారు. అదొక విద్య. మీ ట్రాన్స్‌ఫార్మర్లకీ దానికీ ఏం సంబంధం?"

అంతటితో ఆగానా? టేపు బల్ల మీద పరిచాను. ఒక కొసన దారపు రీలు, ఇంకో కొసన కత్తెర పెట్టి, సరిగ్గా మధ్యలో సుద్దతో గీత గీసి మరీ చూపించాను. ఇన్నేళ్ళు ఆయన నోట విన్నదంతా చెప్తుంటే నాకు హుషారొచ్చేసింది. వింటున్నారు గదా, అర్థమైపోతుంది, ఇంతటితో పీడా పోతుందనుకున్నాను. స్టూడియో అతను "ఒక్క నిమిషం పిన్నిగారూ" అని ఆ బల్లని ఫొటో తీసుకున్నాడు.

సాయంత్రానికల్లా ఆ ఫొటో అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. రీలు మీద రంగుల షాపు అని రాశారు, కత్తెర మీద బస్టాండు అని రాశారు. నా సుద్దగీత మీద, ట్యాంకు వెనక ఉన్న పిల్లల బడి అని రాశారు. కన్ను పెళ్ళామే ఒప్పుకుందని కింద రాశారు.

నా నోటితో నేనే చెప్పాను. వాళ్ళ దగ్గర ఉత్త భయమే ఉంది, దానికి లెక్క నేను అందించాను.

బేకరీ ఆవిడ ఒక కర్టెను అంచు ఇంకా కుట్టకుండానే తీసుకుపోయింది. బట్టలిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి సగం కత్తిరించిన గుడ్డలు కూడా పట్టుకుపోయారు. ఎవరూ నా కళ్ళలోకి చూడలేదు. మెట్ల గోడ మీద ఎవరో బొగ్గుతో పెద్ద కన్ను గీశారు. తుడిచాను. మర్నాటికి మళ్ళీ ఉంది.

మా వాడు టైర్ల షాపులో పనిచేస్తాడు. పెళ్ళాం, కూతురుతో ట్యాంకు దగ్గరే వేరే ఉంటున్నాడు. ఆ పొద్దున వచ్చి చేతులైనా కడుక్కోకుండా గుమ్మంలో నిలబడ్డాడు. వాడి అరచేతుల నలుపు ఎంత తోమినా పోదు. నేను టీ పెట్టాను.

"అమ్మా, పాపని బడి మాన్పించాను" అన్నాడు.

"ఒరేయ్, నీకు కూడా పిచ్చెక్కిందా?"

"వాళ్ళు చెప్పేదంతా చెత్తేనమ్మా, ఊరి బయట ఫిరంగి ఏమిటి! కానీ నాన్న అంకెలు చెప్తున్నది నిజమే గదా? నాన్న చెప్పింది ఎప్పుడన్నా తప్పిందా, నువ్వే చెప్పు."

వాడు చిన్నప్పుడు బళ్ళో అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు, మా నాన్న గురి చెప్తే తప్పదని. ఆ గర్వమే ఇప్పుడు వాడి పీకకి చుట్టుకుంది.

"ఆయనకి నువ్వెవరో కూడా తెలీదు కదరా!"

"అంకెలు తెలుసు గదమ్మా" అన్నాడు.

బాల్కనీలోకి వెళ్ళి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నాన్నా, తర్వాత ఎక్కడ?" అని అడిగాడు.

ఆయన మొహం వెలిగిపోయింది. ఎన్నాళ్ళకో ఒకరు తన భాషలో తనని అడిగారు. వీపు నిటారుగా పెట్టి, చెయ్యి చాపి, "బ్రాకెట్ దొరికింది. సగం చెయ్యి. యాభై పెంచు. ట్యాంకు వెనకే" అన్నారు.

మా వాడు తెల్లబోయాడు. ఇది పాతమాటే, అలవాటుగా వచ్చేదే అని నాకు తెలుసు. తెలిసి కూడా నా కళ్ళు ట్యాంకు వెనక కనిపించే బడి రేకుల మీదికే పోయాయి. మా వాడు టీ ముట్టుకోకుండా మెట్లు దిగిపోయాడు. "ఒరేయ్, ఆగరా" అని పిలిచాను, వెనక్కి చూడలేదు.

ఆ తర్వాత ఆయన్ని బాల్కనీలోకి పోనివ్వలేదు. తలుపు వేసి గడియ పెట్టాను. "లైన్ తెగింది, ఆపరేటర్, లైన్ తెగింది" అని తలుపు బాదుతూనే ఉన్నారు. ఒక్కోసారి ఏడ్చేవారు. నేను తలుపుకి వీపు ఆనించి కూర్చుని, బయట ప్రతి అడుగుల చప్పుడికీ ఉలిక్కిపడేదాన్ని.

వాళ్ళు ఒకరోజు మధ్యాహ్నం వచ్చారు. రిపేర్లకని కరెంటు తీసేశారు, మెట్ల మీద అంతా మసక చీకటి. కింద నించి చెప్పుల చప్పుడు, గుసగుసలు. మెట్ల వైపు తలుపు సందులోంచి చూస్తే ఒకటే తలలు, అన్నిటికీ రుమాళ్ళు.

"పిన్నిగారూ, తలుపు తియ్యండి. మాట్లాడి వెళ్ళిపోతాం" అంది స్టూడియో అతని గొంతు.

"మాట్లాడేది ఉంటే అక్కణ్ణించే మాట్లాడు. గొంతు వినపడుతోంది, మొహమే కనపడ్డం లేదు."

"బాబాయిగార్ని ఒకసారి బడి దాకా తీసుకెళ్తాం. అంతే. ఆయన్ని బడి మధ్యలో కూర్చోబెడితే వాళ్ళింక అక్కడ కొట్టరు. మన పిల్లలు బతుకుతారు."

ఎంత నెమ్మదిగా చెప్పాడో! అందుకే నాకు ఇంకా భయమేసింది. వెనక నించి ఎవడో, "ఇంకా బతిమాలతావేంట్రా, మెట్ల మీంచి తోసేస్తే పోలా!" అన్నాడు. అది విని ఒక్కరు కూడా కాదనలేదు.

ఆ తలుపు గడియ ఎంతసేపు ఆగుతుంది? రెండు తోపులకి ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. నన్ను గోడకి నెట్టారు. నేను కుట్టిన చొక్కాల మధ్య, నేను వేసిన గుండీల మధ్య నలిగిపోయాను. బేకరీ ఆవిడ కూడా ఉంది, మణికట్టు మీద పొయ్యి దగ్గర కాలిన మచ్చ చూశాను. మా ఆయన్ని కాలరు పట్టుకుని కుర్చీలోంచి లేపారు. ఆయన పెనుగులాడలేదు. "ఫిరంగి దగ్గర ఈ గుంపేమిటి? ఎవరి స్థానాల్లో వాళ్ళుండాలి" అని కసురుకుంటున్నారు. పై మెట్టు దగ్గరికి లాగారు. అక్కడ పిట్టగోడ ఆయన మోకాళ్ళ దాకా కూడా రాదు. అవతల కింది దాకా ఖాళీ. వెనకవాళ్ళు ముందువాళ్ళని తోస్తున్నారు, ముందువాళ్ళు ఆయన్ని తోస్తున్నారు. ఆయన చెప్పు ఒకటి జారి కిందపడిన చప్పుడు చాలాసేపటికి గాని వినిపించలేదనిపించింది.

నాకు దేవుడు గుర్తు రాలేదు, పోలీసులు గుర్తు రాలేదు. నా నోట్లోంచి వచ్చింది ఒకటే మాట.

"స్టాప్!"

అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు.

మా ఆయన ఆగిపోయారు. పిట్టగోడ అంచున, కాలరు ఇంకొకడి చేతిలో ఉండగానే, రెండు చేతులూ పైకెత్తి కదలకుండా నిలబడ్డారు. గుంపు బిత్తరపోయింది. ఎవడో, "చూశారా, దొరికిపోయాడు, ఒప్పేసుకున్నాడు!" అని అరిచాడు. కాలరు పట్టుకున్న చెయ్యి ఇంకా బిగిసింది.

అప్పుడు చూశాను. గుంపు చివర, మెట్ల మలుపులో, ఇంకో రెండు చేతులు పైకి లేచి ఉన్నాయి.

నల్లటి అరచేతులు.

ఆ చొక్కా నేను కుట్టింది కాదు, కొన్నది. అందుకే గుర్తుపట్టలేదు. మొహానికి రుమాలు. రుమాలు పైన కళ్ళు మాత్రం ఎనిమిదేళ్ళప్పుడు మంచం కింద నించి చూసిన కళ్ళే. చేతులు ఎత్తాలని వాడు అనుకుని ఎత్తలేదు, అవే లేచాయి. లేచిన చేతుల్ని వాడే వింతగా చూసుకుంటున్నాడు.

నా కొడుకు. వాళ్ళతో పాటు మెట్లెక్కి వచ్చాడు.

"ఎవరాపారు? ఏం చూశారు?" అన్నారు మా ఆయన. గొంతు ఎంత నిలకడగా ఉందో! ఆయన్ని ఎవరో చంపబోతున్నారన్న ఊహ కూడా లేదు. ఆపారు గదా, ఆపినవాళ్ళు కారణం చెప్పాలి, అంతే. చెప్పాల్సింది నేను. కానీ నా కళ్ళు కొడుకు చేతుల మీదినించి కదల్లేదు.

ఆయన మళ్ళీ అడిగారు. "ఏం చూశారు?"

"మనిషి" అన్నాడు మా వాడు రుమాలు కింద నించి. ఒక చెయ్యి దించి రుమాలు లాగేశాడు. "గురిలో మనిషి ఉన్నాడు నాన్నా."

గుంపంతా వాడి వైపు తిరిగింది. అందరికీ తెలిసిన మొహమే, అందరి బండ్ల టైర్లూ వాడు బాగుచేసినవే. "మనిషి ఉన్నాడు" అని మళ్ళీ అన్నాడు, ఈసారి వాళ్ళతో. ఏడుస్తున్నాడు. "మా నాన్న."

బేకరీ ఆవిడ ముందుగా రుమాలు దించుకుంది. పిట్టగోడ అవతలికి తొంగి చూసి, కింద పడి ఉన్న చెప్పుని చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. స్టూడియో అతను కాలరు వదిలాడు. వదిలి, నలిగిన కాలరుని చేత్తో సాపు చేశాడు కూడా. ఒక్కొక్కరే దిగిపోయారు. క్షమించమని ఎవరూ అనలేదు, తప్పు చేశామని కూడా అనలేదు. మలుపులో స్టూడియో అతను ఆగి, "రేపు బడికి ఏమన్నా అయితే అప్పుడు చెప్తాం" అన్నాడు, అదే మర్యాదతో.

నేను ఆయన్ని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. మా వాడు ఊడిన గడియని బిగించడానికి కూర్చున్నాడు. మేకు ప్రతిసారీ జారిపోతోంది. ఏం మాట్లాడను? తిడితే పోతాడేమోనని భయం, ముద్ద పెడితే నా చెయ్యి వాడి గొంతు మీదికి పోతుందేమోనని భయం. రెండూ నిజమే.

"అమ్మా, మాట్లాడి వచ్చేస్తామన్నారు" అన్నాడు తల ఎత్తకుండా. "పాప కోసమని వచ్చాను."

"పాప ఇంట్లోనే ఉంది గదరా" అన్నాను.

పొద్దు వాలుతుండగా కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. వీధిలో ఎవరో హమ్మయ్య అన్నారు. ఆ మాట పూర్తి కాకుండానే ఢామ్మని పేలింది. గోడలు అదిరాయి, లైట్లు పోయాయి. ఎక్కడ? దగ్గరా, దూరమా? బడి దగ్గరా, మా వాడి ఇంటి దగ్గరా? వీధంతా కేకలు, పరుగులు. మా వాడు ఫోన్ తీసి కోడలికి కలుపుతున్నాడు, కలవడం లేదు.

చీకట్లో మా ఆయన కుర్చీ కిర్రుమంది. లేచి నిలబడ్డారు. తల చప్పుడు వైపు తిప్పారు. ఊపిరి తీసుకున్నారు, గట్టిగా చెప్పడానికి. కరెంటు లేదని గాలికి తీసిన బాల్కనీ తలుపు తెరిచే ఉంది.

మా వాడు ఫోన్ పడేసి ఒక్క ఉదుటున వచ్చి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. నేనూ పెట్టాను. వాడి చేతి మీద నా చెయ్యి. ఆయన ఊపిరి మా వేళ్ళకి వెచ్చగా తగులుతోంది, అంకె లోపలే ఆగిపోయింది.

ఆయన విడిపించుకోలేదు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత నెమ్మదిగా రెండు చేతులూ పైకెత్తారు.

కింద మెట్ల దగ్గర చెప్పుల చప్పుడు మొదలైంది. ఆయన అలాగే చేతులెత్తుకుని, ఏం చూశామో మేము చెప్తామని ఎదురుచూస్తున్నారు.